బ్యాండు రాని పెళ్లి: ఒక జంపఖానా ఆత్మకథ

నేను ఒక జంపఖానాను. పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు, నీలం మీద ఎర్ర చారలు. నా మీద కూర్చున్నవాళ్లు నన్ను చూడరు. నేనూ వాళ్ల ముఖాలు చూడలేదు. నాకు కళ్లు లేవు. చెవులున్నాయని మాత్రం ఒప్పుకుంటాను. చూసినట్టు చెప్పేవన్నీ నా మీద కూర్చున్నవాళ్ల మాటల్లో విన్నవే. అవి లేకపోతే ఈ కథ చెప్పేదాన్నే కాదు.

ముఖాలు తెలియకపోయినా మనుషులు కూర్చునే తీరు నాకు బాగా తెలుసు. పెద్ద ఉద్యోగస్తుడు అంచున కూర్చుంటాడు, ముందుగా లేచిపోవడానికి వీలుగా. మొహమాటస్తుడు సగం నా మీద, సగం నేల మీద. మనసులో కోపం ఉన్నవాడు నా కుచ్చుల దారాలు ఒక్కొక్కటే పీకుతాడు. పొగడ్త కోసం ఎదురుచూసేవాడు కాస్త ముందుకు వాలి ఉంటాడు. వాళ్ల నోళ్లు ఏం చెప్పినా, కింద ఉన్న నాకు వాళ్ల బరువు వేరే మాట చెబుతూ ఉంటుంది.

వరంగల్లు కొత్తవాడలో ఒక గుంట మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన పేరు మార్కండయ్య. మంచి పనివాడే. కానీ నా ఆఖరి జానెడు నేసే రోజుకు రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క జాతర వచ్చిపడింది. గుమ్మంలో బండి కట్టి ఉంది. పిల్లలు ఎక్కేశారు, కోడి కూడా ఎక్కింది. ఆయన భార్య బయటి నుంచి అరుస్తోంది.

“సమ్మక్కన్న గద్దెనెక్కుతది గని నువ్వు మాత్రం మగ్గం దిగవు!”

ఆ తొందరలో మార్కండయ్య చివరి ఎర్ర చారను రెండు వేళ్లు సన్నగా నేసి ముడి వేసేశాడు. తెగ్గోసి మడత పెడుతుంటే ఆమె పట్టేసింది. “గా చార సన్నగొచ్చింది, చూసుకున్నవా?”

“ఎవడు చూస్తడే? మీద కూసుంటరు గని!”

నా గురించి నేను విన్న మొదటి సత్యం అదే. ఇప్పటివరకూ అది తప్పలేదు.

జాతర అయిన మర్నాడో ఆ మర్నాడో ఇద్దరు యువకులు వచ్చి నన్ను తీసుకున్నారు. ఇద్దరూ కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టర్లు. ఒకడు మొగిలి, తబలా వాయిస్తాడు. ఇంకొకడు ఇన్నయ్య. చర్చిలో చిన్నప్పుడే క్లారినెట్ నేర్చుకున్నవాడు. దాన్ని వాళ్లంతా ముద్దుగా ‘పీక’ అనేవారు. షెడ్డులో వాళ్ల నేస్తం రాజలింగం హార్మోనియం వాయిస్తాడు. అతని పెళ్లికి బహుమతిగా, ముగ్గురూ కూర్చుని వాయించుకోవడానికి వీలుగా, నన్ను ఎంచుకున్నారు.

“అరే, ఈ చార జర సన్నగున్నది రా,” అన్నాడు మొగిలి.

“ఉండనియ్. గా చార కాడ నేను కూసుంట,” అన్నాడు ఇన్నయ్య.

అతను మాట నిలబెట్టుకునే మనిషి అని అప్పుడు నాకు తెలియదు.

పెళ్లి హసన్‌పర్తి అవతల ఒక ఊళ్లో. జాతర ముగిసి, సమ్మక్క తిరిగి వనానికి వెళ్లిన తర్వాత నాలుగో రోజు. అక్కడే వచ్చింది చిక్కు. మాట్లాడుకున్న బ్యాండు మేళం మొత్తం మేడారం వెళ్లింది. తిరిగి రాలేదు. బస్సులన్నీ జాతరలోనే ఉన్నాయి. మగపెళ్లివారిని మేళంతో ఎదురేగి తీసుకొచ్చే ఎదురుకోళ్ల వేళ అయింది. ఊరి పొలిమేరలో పెళ్లికొడుకు నిలబడ్డాడు, చప్పుడు లేదు. నేను మొగిలి భుజం మీద చుట్టగా ఉన్నాను.

పెళ్లికూతురు మేనమామ అందరికీ వినబడేలా అన్నాడు. “మేళం లేని ఎదురుకోళ్లేందిరా? పెండ్లికి వచ్చిన్రా, పంచాయితికి వచ్చిన్రా?”

లోపల పెళ్లికూతురు స్వరూప ఏడుస్తోందని ఎవరో వచ్చి చెప్పారు. అప్పుడు ఇన్నయ్య తన సంచిలోంచి పీక తీశాడు. అతన్ని ఎవరూ అడగలేదు. పొలిమేర నుంచి పందిరి దాకా, ఎదురుకోళ్ల నుంచి అప్పగింతల దాకా, ఒక్కడే ఊదాడు. డప్పు లేదు, డోలు లేదు. పెళ్లంతా అయ్యాక వచ్చి నా మీద, ఆ సన్న చార దగ్గర, ధబ్బున కూలబడ్డాడు. పెదవులు చిట్లి ఉన్నాయి. మర్నాడు కొత్త పెళ్లికూతురు ఒక చిన్న గిన్నెలో వెన్న తెచ్చి అతని ముందు పెట్టింది.

“అన్నా, పెదవులకు రాసుకో. నువ్వు లేకుంటే నా పెండ్లి మూగ పెండ్లి అయితుండె.”

అప్పటి నుంచి ఆమె అతనికి చెల్లె అయింది.

తర్వాత ఇరవై మూడేళ్లు నాకు మంచి రోజులు. కాజీపేటలో రాజలింగం రైల్వే క్వార్టరు ముందు వేపచెట్టు కింద, ప్రతి శనివారం సాయంత్రం నన్ను పరిచేవారు. మధ్యలో హార్మోనియంతో రాజలింగం, ఎడమ పక్క మొగిలి, సన్న చార దగ్గర ఇన్నయ్య. అతను ఒక మోకాలు పైకెత్తి కూర్చునేవాడు. ఆ కాలి బొటనవేలితో నా మీద తాళం వేసేవాడు. ఏళ్ల తరబడి ఒకే చోట. అక్కడ నా ఎర్రరంగు పోయింది, నూగు పోయింది, చివరికి రూపాయి బిళ్లంత బట్టతల తేలింది. మరకలంటే నాకు చిరాకు. ఆ ఒక్కదాని మీద మాత్రం ఎప్పుడూ చిరాకు కలగలేదు.

వాళ్లకొక పద్ధతి ఉండేది. ఇల్లు పట్టాల పక్కనే. పాట మధ్యలో గూడ్సు బండి వచ్చేది. అంత చప్పుడులో వాయించి ఏం లాభం? అలాగని ఆపితే పాట తెగుతుంది. అందుకని బండి వచ్చినప్పుడు ఎక్కడున్న సురాన్ని అక్కడే పట్టుకుని, ఆఖరి గార్డు డబ్బా దాటేదాకా ఒకటే సురం మీద నిలబడేవారు. అప్పుడు ఇన్నయ్య బొటనవేలు తాళం వేయదు. నన్ను నొక్కి పట్టుకుని ఉంటుంది. గార్డు డబ్బా దాటగానే లేస్తుంది, పాట సాగుతుంది. వాళ్ల పాటలు సగం రైల్వే టైంటేబులు ప్రకారం నడిచేవి.

పెళ్లిరోజు గురించి కూడా వాళ్లకొక పాత తగువు ఉండేది. రాజలింగం లెక్క శుభలేఖ లెక్క, ఫిబ్రవరి ఇరవై ఆరు. ఇన్నయ్యది సమ్మక్క లెక్క, మాఘ పున్నమిని బట్టి తారీకు మారుతూ వచ్చేది. తనను బ్యాండు చేసిన జాతరను అతనెలా మరిచిపోతాడు? అందుకని జాతర వచ్చిన ఏడల్లా, అమ్మవారు వనానికి వెళ్లిన నాలుగో రోజున మైసూరుపాకు పొట్లంతో ప్రత్యక్షమయ్యేవాడు.

“ఇంక ఇరవై దినాలున్నది గదరా!” అని రాజలింగం నవ్వేవాడు.

“నీ తారీకు కాయితం మీదుంది. నాది నా పెదవుల మీదుంది,” అనేవాడు ఇన్నయ్య.

ఇక చెడ్డ శనివారం సంగతి. షెడ్డుకు కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన పాట వినడానికి వచ్చాడు. నా అంచునే కూర్చున్నాడు. పెద్దవాళ్ల ముందు మనుషులు తమ సొంత వస్తువులను కాస్త తక్కువ చేసి చూపడం ఒక మర్యాద అనుకుంటారు. మనుషులను కూడా అలాగే తక్కువ చేస్తారని ఆ రోజు తెలిసింది.

“ఈయన మొగిలి సార్, తబలా,” అన్నాడు రాజలింగం. తర్వాత నవ్వుతూ, “ఇగ వీడు ఇన్నయ్య. మా పెండ్లికి బ్యాండోడు!” అన్నాడు.

ఆఫీసరు నవ్వాడు. “అట్లాగా! మా ఇంట్లో పెళ్లికీ పిలుద్దాం అయితే.”

అందరూ నవ్వారు. బొటనవేలు ఆగిపోయింది. కాసేపటికి పీకను ముక్కలు ముక్కలుగా విప్పి, గుడ్డతో తుడిచి, పెట్టెలో సర్దుకుని ఇన్నయ్య లేచాడు.

“యాడికి రా?” అన్నాడు రాజలింగం.

“బ్యాండోనికి పెండ్లి లేని దినం పనేముంటది?” అని చెప్పి వెళ్లిపోయాడు.

“అలిగిండు. వచ్చే శనివారం వస్తడు తియ్,” అన్నాడు రాజలింగం. రాలేదు. అతనే రావాలని ఇతను, ఇతనే పిలవాలని అతను. మనుషులు ఎదురుచూడటంలో గొప్ప ఓపికవంతులు, అవతలివాడి కోసం అయితే. ఏడాది తిరగకుండా శనివారాలు ఆగిపోయాయి. నన్ను నాఫ్తలీన్ ఉండలతో మడిచి బీరువా మీద పెట్టారు. రాజలింగం రిటైరయ్యాడు. పట్టాలకు కొంచెం దూరంలో సొంత ఇల్లు కట్టుకున్నాడు. నేను ఒక బీరువా మీద నుంచి అదే బీరువా మీదకు మారాను. మొత్తం పదిహేడేళ్లు.

ఈ ఏడు మాఘమాసం ముందు ఒక రోజు, ఆ గదిలో మాటలు వినబడ్డాయి. రాజలింగం కూతురు హారిక హనుమకొండలో కాలేజీ లెక్చరరు. ఏ పనైనా పట్టిక రాసుకుని చేసే మనిషి.

“నలభయ్యో పెళ్లిరోజు బాపూ. పక్క ప్లాట్ల చేద్దాం, ఆరుబయట. షామియానా, స్టేజీ, మీకు రెండు సోఫాలు, దోస్తులందరు. లైవ్ మ్యూజిక్.”

“లైవంటే ఏంది బిడ్డా?”

“మనుషులు ముందట కూసొని పాడుడు.”

“మరి ఇరవై మూడేండ్లు మేం చేసిందేంది? సచ్చి పాడినమా?”

హారిక నవ్వింది. “మీ మోకాళ్లు మడువయి. మొగిలి కాకకు సగమే ఇనవడ్తది. హనుమకొండ నుంచి ఆర్కెస్ట్రా మాట్లాడిన. మీరు మంచిగ సోఫాల కూసోండ్రి.”

ఎల్లిపాయలు ఒలుస్తూ కూర్చున్న స్వరూప అప్పుడు మాట్లాడింది. “స్టేజీ ఏసుకోండ్రి, లైట్లు పెట్టుకోండ్రి. నా పెండ్లిల మోగింది ఒక్కటే పీక. ఇన్నయ్యన్న పీక ఇనవడకుంటే నేను గా సోఫాల కూసోను.”

ఆ మాట అని మళ్లీ ఎల్లిపాయలు ఒలవడంలో పడింది.

“వాడు అలిగి పోయిండు. నేను పొమ్మన్ననా?” అన్నాడు రాజలింగం.

“పొమ్మనలే. పొమ్మనే అవసరం లేని మాటన్నవ్.”

“అయితే పోయి కాళ్లు వట్టుకోవాల్నా?”

“కాళ్లొద్దు. గా మాట వాపసు తీసుకో, చాలు.”

రాజలింగం లేచాడు. గదిలో అటూ ఇటూ నడిచాడు. ఏ మాటైనా అనడం సులువు. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మనుషుల దగ్గర ఏ పనిముట్టూ లేదు. పోగు తప్పితే మార్కండయ్య విప్పి మళ్లీ నేసేవాడు.

కార్డులు అచ్చయి వచ్చాయి. స్వరూప మూలలకు పసుపు పెట్టింది. పంచడానికి మొగిలి వచ్చాడు.

“ఇన్నయ్యకు కార్డేంది? మా పెండ్లిరోజుకు రమ్మన్ననని నోటితోని చెప్పు. తారీకు వానికి తెల్వదా?” అన్నాడు రాజలింగం. కార్డు రాసిస్తే ఓడిపోయినట్టు, నోటిమాట పంపితే సగమే ఓడిపోయినట్టు అని అతని లెక్క.

అతను చాయ్ కోసం వంటింట్లోకి వెళ్లగానే స్వరూప ఒక కార్డు మొగిలి సంచిలో పెట్టింది. “గిది అన్నకియ్యి. ఈయనకు చెప్పకు.”

“ఎవనికి?” అన్నాడు మొగిలి, సగం చెవిటితనం వల్ల, వీధంతా వినబడేలా.

“మెల్లగనయ్యా! ఇన్నయ్యన్నకు!”

“ఆఁ, ఇన్నయ్యకు!” అని మొగిలి ఇంకా గట్టిగా అన్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఉండబట్టి సరిపోయింది. చిన్న చిన్న గిన్నెల చప్పుళ్లు ఎన్ని కాపురాలను కాపాడుతుంటాయో ఎవరూ లెక్క పెట్టరు.

రెండు రోజుల తర్వాత మొగిలి కబురు తెచ్చాడు. “వస్తవా అంటే, ‘పెండ్లిరోజు నాకు యాదికున్నది’ అన్నడు. వస్తననలే, రాననలే.”

జాతర వచ్చింది, వెళ్లింది. అది అయిన నాలుగో రోజున స్వరూప నన్ను బీరువా మీద నుంచి దించింది. “షామియానా వాళ్లు కార్పెట్ ఇస్తరమ్మా, ఈ పాతది ఎందుకు?” అని హారిక అంతకుముందే అన్నది. “అన్న వస్తే దీని మీదనే కూసుంటడు,” అని ఆమె జవాబు. వెనక పెరట్లో వేపచెట్టు కింద పరిచి, కర్రతో దులిపింది. ఒక్కో దెబ్బకు ఒక్కో శనివారం రాలినట్టనిపించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పాత చీరలో ఆమె. ఇరవై ఆరుకు లైట్ల తీగకు అడ్డం వచ్చే కొమ్మలు కొడుతూ, లుంగీ బనీను మీద, స్టూలెక్కి రాజలింగం.

సాయంత్రం నాలుగైంది. గేటు చప్పుడైంది.

“పెండ్లి బ్యాండోడు వచ్చిండు. ఎవ్వలు లేరేంది?”

స్టూలు ఒక్కసారి ఊగింది. ఆ గొంతు పదిహేడేళ్లలో కాస్త గాలిపోయింది. కానీ అదే గొంతు. తర్వాత నాకు తెలిసింది, అతను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, చేతిలో నల్ల పెట్టెతో, చంకలో మైసూరుపాకు పొట్లంతో నిలబడ్డాడని.

రాజలింగం నోరు తెరిచాడు. “అరే ఇన్నయ్యా! ఇరవై ఆ...”

“ఆకులు!” అంది స్వరూప గట్టిగా. “ఇరవై ఆకులు తక్కువున్నయి, తమలపాకులు. దిగి పోయి పట్టుకరా. చొక్కా ఏసుకొని పో. రా అన్నా, కూసో. అందరు వస్తున్నరు.”

రాజలింగానికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక నోరు మూసుకున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో అతను నేర్చుకున్న పెద్ద విద్య అదే.

తర్వాత ఒక గంటలో జరిగిన ఏర్పాట్లు హారిక పట్టికలో ఎక్కడా లేవు. స్వరూప వంటింట్లో నుంచి పది ఫోన్లు చేసింది. హారిక కాలేజీ నుంచి నేరుగా వచ్చేసింది. పక్కిళ్లవాళ్లు తమ కుర్చీలు తామే మోసుకొచ్చారు. మొగిలి తబలా జోడుతో, స్వెటరు తిరగేసి తొడుక్కుని దిగాడు. పాత షెడ్డు మిత్రులు ఏడెనిమిది మంది. వచ్చినవాడల్లా గేటు దగ్గర “ఇరవై ఆరు కాదా?” అనబోయేవాడు. స్వరూప ప్రతి ఒక్కరికీ ఒకటే మాట. “లోపల తారీకు మాట ఎత్తకుండ్రి.” ఎత్తలేదు. అంతమంది పెద్దవాళ్లు, ఒక మనిషి చిన్నబోకుండా ఉండాలని, మూడు గంటలపాటు ఒకే అబద్ధాన్ని మోశారు. ఆ రోజు నా మీద పడ్డ బరువులన్నీ తేలిగ్గా ఉన్నాయి.

ఇన్నయ్య వచ్చి నా సన్న చార దగ్గర కూర్చున్నాడు. వెతుక్కోలేదు. మోకాలు పైకెత్తాడు. కానీ బొటనవేలు నన్ను తాకలేదు. గాలిలోనే ఉంది.

అప్పుడే, పక్కింట్లోకి కొత్తగా వచ్చిన ప్రకాశరావు అనే ఆయన, కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు. “వీరెవరండీ? ఎప్పుడూ చూడలేదు.”

అదే ప్రశ్న. పదిహేడేళ్ల కింద అందరూ నవ్విన చోట ఇప్పుడు అందరూ ఊపిరి బిగబట్టారు. మొగిలికి వినబడలేదు కానీ, అతను కూడా తబలా మీద చెయ్యి ఆపాడు.

రాజలింగానికి కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. మోకాలి చిప్ప అరిగింది. అతని కోసం హార్మోనియాన్ని ఎత్తైన బల్ల మీద పెట్టారు. అతను ఆ బల్ల దగ్గర నుంచి లేచి, హార్మోనియాన్ని తీసి నా మీద పెట్టాడు. ఒక చెయ్యి నేలకు ఆనించి, మూలుగుతూ, అంగుళం అంగుళంగా దిగి ఇన్నయ్య పక్కన కూర్చున్నాడు. నా మీద చాలామంది కూర్చున్నారు. అంత కష్టపడి కూర్చున్నవాడు మరొకడు లేడు.

“మా పెండ్లికి బ్యాండు రాలే సార్,” అన్నాడు. “ఈయన వచ్చిండు.”

అంతే. హార్మోనియం కొక్కెం విప్పాడు. మీటల మీద వేళ్లు పెట్టాడు.

ఇన్నయ్య పీక ముక్కలను ఒకదానికొకటి బిగించాడు. తర్వాత అన్నాడు. “సురం ఇయ్యి రా లింగం. గంటసేపు మోకాలు మడిచి సూపిస్తవా ఏంది?”

బొటనవేలు దిగింది. సరిగ్గా ఆ రూపాయి బిళ్లంత చోట.

ఎలా వాయించారని అడిగితే నిజం చెప్పాలి. మొగిలి ఒక పాటకు ఇంకొక పాట తాళం వేశాడు. రాజలింగం వేళ్లు రెండు చోట్ల దారి తప్పాయి. ఇన్నయ్య కూడా మధ్య మధ్యలో పీక దించి దవడ పట్టుకుంటున్నాడు. ‘వయసు’ అనుకున్నారు అందరూ. అయితే మూడో పాట నడుమ పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. ముగ్గురూ ఉన్న సురం మీద ఉన్నట్టే నిలబడిపోయారు. బొటనవేలు నన్ను నొక్కి పట్టింది. యాభై ఎనిమిది పెట్టెలు. గార్డు డబ్బా దాటింది. వేలు లేచింది. పాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే సాగింది. అటు నుంచి స్వరూప ముక్కు చీదుకోవడం వినబడింది. దుమ్ము వల్ల అని హారికకు చెప్పింది.

తర్వాత చాయ్, అప్పటికప్పుడు కాల్చిన బియ్యప్పిండి రొట్టె, సర్వపిండి వచ్చాయి. ఇన్నయ్య సర్వపిండి ముక్కను చాయ్‌లో చాలాసేపు నానబెట్టి తిన్నాడు.

“చెల్లె గంత కరకర కాలిస్తే, నువ్వు మెత్తగ చేసుకుంటివి గదరా!” అని మొగిలి గేలి చేశాడు.

“నా సర్వపిండి, నా ఇష్టం,” అన్నాడు ఇన్నయ్య.

వెళ్లేముందు స్వరూప చిన్న గిన్నె ఒకటి అతని ముందు పెట్టింది. వెన్న. అతను వేలితో తీసి పెదవులకు రాసుకున్నాడు. రాత్రి ఎనిమిదయ్యేసరికి అందరూ వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను చెప్పవలసిన అసలు సంగతి. ఇన్నయ్య తుడుచుకునే గుడ్డను పెట్టెలోంచి తీసినప్పుడు, దాంతోపాటు ఏదో జారి నా సన్న చార పక్క మడతలో పడింది. గట్టి కాగితం. మూలల్లో పసుపు వాసన. నన్ను మడుస్తున్న స్వరూప చేతికి అది దొరికింది. ఆమె నా మీద కూర్చుండిపోయింది.

అది తను మొగిలి సంచిలో పెట్టిన కార్డే. ఫిబ్రవరి ఇరవై ఆరు అని అచ్చులో ఉన్నదే. అంటే ఇన్నయ్యకు తారీకు తెలుసు. కార్డు లోపల ఇంకొక చిన్న చీటీ ఉంది. పళ్ల డాక్టరు రాసిచ్చినది. ఆమె మెల్లగా, గొణుగుతున్నట్టు చదువుకుంది.

“పదో తారీకు... పై పండ్లన్ని తీసుడు.”

పై పళ్లు లేనివాడు క్లారినెట్ పట్టలేడు. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇరవై ఆరున వస్తే ఉత్త చేతులతో రావాలి. ‘నా కోసం పార్టీ ముందుకు జరపండి’ అని అడిగే మనిషి కాడు. పొలిమేరలో ఎవరూ అడగకుండానే పీక తీసినవాడు, ఇప్పుడు ఎవరినీ అడగకుండానే పాత సమ్మక్క లెక్క అడ్డం పెట్టుకుని, తారీకు మరిచిన ముసలివాడిలా వచ్చాడు. ఊదవలసింది ఊది వెళ్లాడు.

గేటు మూసి వస్తూ రాజలింగం గొప్పగా అన్నాడు. “సూసినవా వాని లెక్క! ఇంక గదే జాతర లెక్క! నేను ఒక్క మాటన్న తప్పు వట్టిన్నా? పట్టలే. మనిషి చిన్నబోతడని ఊకున్న.”

“సూసిన,” అంది స్వరూప. “మంచి పని చేసినవ్.”

ఆ కార్డును, చీటీని ఆమె పారేయలేదు. నా సన్న చార మడతలోనే మళ్లీ పెట్టి, నన్ను మడిచింది.

ఇరవై ఆరున అనుకున్న పార్టీ అనుకున్నట్టే జరిగింది. షామియానా, స్టేజీ, సోఫాలు, హనుమకొండ ఆర్కెస్ట్రా, బగారా అన్నం. స్వరూప సోఫాలో కూర్చుంది. వినవలసింది అప్పటికే వినేసింది కదా. అయితే షామియానా వాళ్ల ఎర్ర కార్పెట్ మీద, స్టేజీ ముందు, నన్ను కూడా పరిపించింది. ఇన్నయ్య నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. కుర్చీలు బోలెడు ఉన్నాయి. వచ్చి నా మీదే, తన చోటే కూర్చున్నాడు.

రాజలింగం మైకు పట్టుకున్నాడు. “మా దోస్తు ఇన్నయ్య ఈసారి తారీకు మరవకుండ వచ్చిండు! పోయినసారి మరిచిపోయి వచ్చుడే మంచిగైంది. లేకుంటే పండ్లు తీపిచ్చుకున్నంక వాని పీక మేం యాడ ఇందుము? మన తప్పులు గూడ ఒక్కోపారి మంచికే అయితయ్!”

అందరూ చప్పట్లు కొట్టారు. “ఏం చేస్తం రా, ముసలోన్నైన,” అన్నాడు ఇన్నయ్య, పళ్లు లేని మాటల్తో. స్వరూప సోఫాలో నుంచి అతని వైపు చూసిందో లేదో నాకు తెలియదు. నిజం తెలిసినవాళ్లం ముగ్గురం. నాకు నోరు లేదు. వాళ్లిద్దరికీ ఉంది. అయినా ఆ మాట ఎత్తలేదు.

ఆర్కెస్ట్రా పాట అందుకుంది. ఇన్నయ్య చేతులు ఒడిలో ఖాళీగా ఉన్నాయి. బొటనవేలు మాత్రం నా మీద తాళం వేస్తోంది. అంతలో పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. స్టేజీ మీదివాళ్లకు ఆ పద్ధతి ఏం తెలుసు? చప్పుడుకు తడబడి, ఒకరి తర్వాత ఒకరు వాయిద్యాలు ఆపేశారు. పాట తెగింది. జనం మాటల్లో పడ్డారు.

సన్న చార దగ్గర ఆ వేలు లేవలేదు. నన్ను గట్టిగా నొక్కి, ఉన్న సురాన్ని ఉన్నట్టే పట్టుకుని ఉంది. ఒక్కో పెట్టె దాటుతోంది. గార్డు డబ్బా దాటాకనే లేచింది.